ఏడు రోజులు ఆడని పిల్లల జాబితా

తప్పు జవాబు పెడితే కోతి నీళ్లలో పడుతుంది. ఆ ఆటను తయారు చేసిన పెద్దమనుషులెవరో గానీ, వాళ్లకు పిల్లలంటే ఏమిటో తెలియదని నాకు మొదటి రోజే అర్థమైంది. కోతి వాగు దాటాలి. లెక్కకు సరైన జవాబు నొక్కితే నీళ్లలోంచి ఒక రాయి పైకి తేలుతుంది, కోతి దాని మీదికి దూకుతుంది. తప్పు నొక్కితే బుడుంగుమని మునిగి, చెవుల్లోంచి నీళ్లు కారుస్తూ ఒడ్డుకు వచ్చి మన వైపు కోపంగా చూస్తుంది. ఇంత మంచి తమాషా చేతికిచ్చాక సరైన జవాబు ఏ పిల్ల పెడుతుంది? నేను వెళ్లిన ప్రతి బడిలో పిల్లలు ట్యాబ్ చుట్టూ మూగి, గొణుక్కుంటూ లెక్క చేసి, సరైన జవాబేదో కనుక్కొని, దాన్ని వదిలేసి పక్కదాన్ని నొక్కేవాళ్లు. కోతి మునిగితే బడంతా నవ్వు. ఆట లెక్క ప్రకారం మాత్రం ఆ పిల్లలకు కూడికలు రావు.

ఈ మాట నేను పైవాళ్లకు రాశాను. కోతి మునగడం తీసేయండి, ఊరికే నిలబడితే చాలు అన్నాను. మీ సూచన నమోదైంది అని జవాబు వచ్చింది. ఆ కోతి ఇప్పటికీ మునుగుతూనే ఉందట.

కొత్తగా ఉద్యోగంలో చేరిన మీరు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, ట్యాబుల చదువు మొదలైన రోజుల్లో ఎట్లా ఉండేదో చెప్పమంటారు. నేను పనికొచ్చే మాటలేవో చెప్తానని మీ ఆశ. నా దగ్గర ఉన్నది ఒక్క తప్పు కథ. అందులో పెద్ద తప్పు నాది, కాబట్టి మధ్యలో నేను ఎవరినైనా తిడితే నన్ను కలుపుకొని తిడుతున్నానని అనుకోండి.

ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పాక, ఉద్యోగం ఇంకో నాలుగేళ్లు ఉందనగా నన్ను సూర్యాపేటలో ఒక ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. ఆటల ద్వారా చదువు అనే పనికి నేను కోఆర్డినేటర్‌ని. చాక్‌పీసు పట్టుకున్న చేతికి మౌస్ ఇచ్చారు. గొప్పగానే ఉండింది, అబద్ధమెందుకు. నా ముందు పెద్ద తెర, దాని మీద బడుల పేర్లు, పేరు పక్కన ఒక చుక్క. ఒక బడిలో పిల్లలందరూ ఏడు రోజుల్లో ఒక్కసారైనా ఆడితే చుక్క ఆకుపచ్చ. ఒక్క పిల్ల ఆడకపోయినా బడి మొత్తం ఎరుపు. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లగానే నేను చేసే మొదటి పని ఎర్రచుక్కలు లెక్కబెట్టడం.

ఊరికే లెక్కబెట్టి ఊరుకుంటే ఇప్పుడీ కథ ఉండేది కాదు. నాకు తెలివి ఎక్కువ. మూడు కొత్త పనులు కనిపెట్టాను. మొదటిది, రోజూ పొద్దున ఎనిమిది గంటలకు టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎర్రబడుల పేర్లు పెట్టడం. రెండోది, రేపు ఎరుపులోకి పోబోయే బడుల పేర్లు ఈ రోజే పెట్టి హెచ్చరించడం. రెండూ బ్రహ్మాండంగా పనిచేశాయి. నెల తిరిగేసరికి తెరంతా పచ్చబడింది, మా పెద్దసారు నన్ను పిలిచి మెచ్చుకున్నారు. చుక్క పచ్చగా ఉన్న బడికి వెళ్లడం ఎందుకని నేను ఎర్రబడులకే తిరిగేదాన్ని. వాటిలో ఎక్కువ చివ్వెంల వైపు, అంటే ఆఫీసుకు దగ్గర్లోనే ఉండేవి. కాళ్లకు కూడా సుఖంగా ఉండింది.

మూడోది వినండి. అంతకుముందు ప్రతి టీచరూ బడికి రాని పిల్లల పేర్లు కాగితం మీద రాసి పంపేవాళ్లు. ఆ కాగితం పట్టుకొని మేము ఆ ఇళ్లకు మనుషులను పంపేవాళ్లం. అమ్మానాన్నలు పనికి వలసపోతుంటే పిల్లలను సీజన్ హాస్టల్‌లో పెట్టేవాళ్లం. వలస రోజులు అయిపోయేదాకా తిండీ పడకా అక్కడే, చదువు పక్క బడిలో. ఆ కాగితాలు ఆలస్యంగా వచ్చేవి, చేతిరాత అర్థమయ్యేది కాదు, కొన్ని టీ మరకలతో వచ్చేవి. ఒకరోజు మీటింగులో నేను లేచి, బడికి రాని పిల్ల ఆట ఆడదు కదా, ఏడు రోజులు ఆడని పిల్లల జాబితా ట్యాబే ఇస్తుంటే మళ్లీ ఈ కాగితాలు దేనికి అన్నాను. అందరూ బల్లలు చరిచారు. ఆ రోజు నుంచి కాగితాలు బంద్.

ఇప్పుడు ఈ మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మీకు వెంటనే విషయం తెలిసిపోతుంది. నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

గరిడేపల్లి అవతల ఒక తండా బడి ఉంది. ఒక్క సారు, ఇరవై రెండు మంది పిల్లలు, ఎనిమిది ట్యాబులు. సారు మిర్యాలగూడ నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారు. యాభై దాటిన మనిషి. బోర్డు మీద ఆయన రాసిన అంకెలు అచ్చు వేసినట్టు ఉంటాయి. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలకు లెక్క చెప్పాలంటే రెండు భాషల్లోనూ చెప్పాలని, తానూ నాలుగు మాటలు నేర్చుకున్నారు. తండాలో సిగ్నల్ రాదు. ఆడిన ఆట మా తెరకు చేరాలంటే నెట్ కావాలి కాబట్టి ట్యాబులు సంచిలో వేసుకొని ఇంటికి తీసుకుపోయి, పొద్దున మళ్లీ మోసుకొచ్చేవారు. ఆ బడి చుక్క ఎప్పుడూ పచ్చదే. అందుకే నేను అక్కడికి పోలేదు.

ఆ బడిలో అయిదో తరగతి పిల్ల ఒకతె నా కంట్లో పడింది. తెర మీదే లెండి. పిల్లలకు రాయను రాకపోయినా లాగిన్ కావాలని పేరు బదులు బొమ్మ ఇచ్చేవాళ్లం. ఈ పిల్ల బొమ్మ నెమలి. నెమలి చేసిన ప్రతి లెక్కా తెర మీద కనపడుతుంది. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయమంటే ముప్పై అయిదు అని పెట్టేది. నలభైలోంచి పదహారు తీసేస్తే ముప్పై ఆరు. లెక్కల టీచరుకు ఇది చూడగానే తెలుస్తుంది. పైన చిన్న అంకె, కింద పెద్ద అంకె ఉంటే పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలి కదా, ఈ పిల్ల తెచ్చుకోదు. తిప్పి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తుంది. వారాలు గడిచేకొద్దీ ఆ తప్పు తగ్గుతూ వచ్చింది. మూడింట్లో ఒకటి సరిగ్గా, తర్వాత రెండు, చివరికి అన్నీ. ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని చూస్తుంటే కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో పిల్ల బుర్రలో తప్పు సర్దుకోవడం ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు.

ఇంకేం, స్లైడ్లు తయారు చేశాను. బాణం గుర్తులు పెట్టాను. రంగులు వేశాను. మా పెద్దసారుకు చూపిస్తే ఆయన కుర్చీలోంచి లేచారు. కోదాడలో టీచర్లందరికీ శిక్షణ పెట్టుకున్నాం, అక్కడ ఈ అమ్మాయి చేతే పెద్ద తెర మీద ఆడించండి అన్నారు.

తండా సారుకు ఫోన్ చేశాను. పిల్లకు జ్వరం అన్నారు. శిక్షణకు ఇంకా వారం ఉంది, తగ్గుతుందిలెండి అన్నాను. ఇంకో పిల్లను తీసుకొస్తా మేడం, మంచిగ ఆడుతది అన్నారు. నాకు ఆ పిల్లే కావాలన్నాను. సరే చూస్త అన్నారు గానీ గొంతులో ఏదో తేడా ఉంది. ఆ తండా నుంచి నలుగురిలోకి పిల్లను పంపడానికి ఇంట్లోవాళ్లు వెనకాడుతున్నారేమో, నేనే పోయి మాట్లాడదామనుకొని శిక్షణకు ముందు రోజు గరిడేపల్లి బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో పోయాను.

మధ్యాహ్నం అన్నాలు అయిపోయి పిల్లలు కూర్చుని ఉన్నారు. నన్ను గుమ్మంలో చూడగానే సారు చేతిలో చాక్‌పీసు కింద పెట్టేశారు. నేను సంబరంగా పిల్లల వైపు తిరిగి, నెమలి ఎవరమ్మా మీలో అన్నాను. ఎవరూ లేవలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు వరుసలో ఒకటో తరగతి పిల్ల చెయ్యెత్తి, ఎంతో వినయంగా చెప్పింది.

"నెమలి మిరపకు పోయింది టీచర్."

నేను సారు వైపు చూశాను. ఆయన నన్ను వరండాలోకి రమ్మన్నారు. మిరపకాయలు ఏరడానికి ఈ తండాల నుంచి ఏటా కూలీలను పోగేసే మేస్త్రి వెంట జనం పోతారు. అమ్మానాన్న ఇద్దరూ చేలో ఉంటే చంటిపిల్లలను ఎత్తుకోవడానికి ఇట్లాంటి పిల్లను తీసుకుపోతారు. ఇది నాకు తెలియని సంగతి కాదు, అందుకే హాస్టళ్లు పెట్టుకున్నాం. ఎన్ని రోజులైందని అడిగాను. నెల పదిహేను రోజులైందన్నారు. మరి మొన్న ఆదివారం నెమలి చేసిన లెక్కలు ఎవరివని అడిగాను.

"నేనే ఆడిన మేడం."

నాకు ముందు అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా చెప్పుకుంటూ పోయారు. మొదట్లో కోతిని ముంచుతున్నారని ఒకరిద్దరు పిల్లల ఆట తాను సరిచేశారట. తర్వాత, వారంలో ఆడని పిల్లలుంటే ఇంట్లో కూర్చుని వాళ్ల ఆట తానే ఆడేశారట. అన్నీ సరిగ్గా పెడితే అనుమానం వస్తుంది కదా అని, ఏ పిల్ల ఎక్కడ తప్పు చేస్తుందో అక్కడే తప్పు పెట్టారట.

"ఎవలు యాడ తప్పుతరో నాకు తెల్వదా మేడం. ఆ పిల్ల తిప్పి తీసేస్తది. కొన్ని దినాలు గట్లనే పెట్టి, ఇగ మెల్లమెల్లగ నేర్చుకున్నట్టు చేసిన."

నేను బాణం గుర్తులు పెట్టి మురిసిపోయిన చదువు అది. మిర్యాలగూడలో ఒక పెద్దమనిషి మంచం మీద కూర్చుని ఓపిగ్గా, ఒక్కొక్కటే, ఆ పిల్ల ఎట్లా చేస్తుందో అట్లా చేసిన తప్పులు. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల తప్పు అంకెతో సహా తెలిసిన మనిషివి, ఆ తప్పు దిద్దడానికి పిల్ల ఏదయ్యా, పిల్ల పోయిందని ఒక్క మాట చెప్పలేకపోయావా అని గట్టిగానే అరిచాను. నాకంటే వయసులో రెండు మూడేళ్లే చిన్న, అయినా నువ్వు అనే అన్నాను.

"చెప్పిన మేడం. పిల్ల పోయిన మూడో దినమే కాయితం రాసుకొని సూర్యాపేటకొచ్చిన. మీరే వద్దన్నరు."

అప్పుడు గుర్తొచ్చింది. గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారు, చేతిలో మడిచిన కాగితం. నేను తెర మీంచి కళ్లు తిప్పకుండానే, సార్, కాగితాలు తీసుకోవట్లేదు, ఏడు రోజులు ఆడకపోతే అదే లిస్టులోకి వచ్చేస్తది అన్నాను. ఆ మనిషి సరే మేడం అని వెళ్లిపోయాడు. ముఖం కూడా చూడలేదు.

ఆయన నా మాట నమ్మి నెమలి ఆట ముట్టుకోకుండా ఉంచారట. ఒక రోజు, రెండు రోజులు, అట్లా ఆరు రోజులు. ఆరో రోజు పొద్దున గ్రూపులో నా హెచ్చరిక వచ్చింది. రేపు ఎరుపులోకి పోబోయే బడులు. మొదటి పేరు ఆయన బడిదే. దాని కింద అయ్యో సారూ అని ఎవరో, మీ బడి కూడానా అని ఇంకెవరో. ఆ సాయంత్రం ఆయన నెమలి బొమ్మ మీద నొక్కారు.

నేను వరండా మెట్ల మీద కూర్చుండిపోయాను. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఆయన లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చారు. నాకు ఆ మర్యాద కూడా చిరాకేసింది.

మేస్త్రికి ఫోన్ చేస్తే చేను కోదాడ దాటాక ఖమ్మం రోడ్డులోనే అని తెలిసింది. అంటే నేను ఆ పిల్లను చూపించి చప్పట్లు కొట్టించుకోవాలనుకున్న హాలుకు అరగంట దూరంలోనే ఆ పిల్ల ఉంది. మర్నాడు పొద్దున ఏడింటికల్లా నేనూ సారూ కోదాడ బస్టాండులో కలుసుకొని ఆటో మాట్లాడుకున్నాం.

కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆటో దిగుతూనే నాకు తుమ్ములు. ఒక పక్క గోనెపట్టాల నీడలో ఆ పిల్ల తమ్ముణ్ని చంకనేసుకొని నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది. సారును చూసి నవ్వింది, నన్ను చూసి ఆపేసింది. వాళ్ల నాన్న చేలోంచి తుండు దులుపుకుంటూ వచ్చాడు. నేను ఎందుకొచ్చానో చెప్పి, పిల్లను ఇన్ని రోజులు చదువు మాన్పిస్తే ఎట్లా అని మొదలుపెట్టాను. ఇన్నేళ్ల అలవాటు, ఆ మాట నోట్లోంచి దానంతటదే వస్తుంది. ఆయన ఆశ్చర్యంగా చూసి, చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు.

"సదువు నడుస్తున్నదని మెసేజ్ వస్తది గద మేడం. వారం వారం వస్తది. బిడ్డనే సదివి ఇనిపిస్తది."

ఫోన్ నా చేతికిచ్చాడు. మీ అమ్మాయి ఈ వారం చాలా చక్కగా నేర్చుకుంది, అభినందనలు. దాని పైన ఇంకోటి, దాని పైన ఇంకోటి. ఆకుపచ్చ పిల్లల అమ్మానాన్నలకు శనివారం శనివారం ఆట పంపే మెసేజ్ అది. ఆ సంగతే నాకు గుర్తులేదు. మిరపచేలో నిలబడి, తాను చక్కగా నేర్చుకున్నానని ఆ పిల్ల ప్రతి శనివారం తన నాన్నకు చదివి వినిపించింది. పేరు ఆడ నడుస్తున్నదంటే సర్కారోల్లే ఏదో చేసిండ్రు, పరేషాన్ ఏం లేదు అనుకున్నాడు ఆయన. పంట అయిపోయేదాకా ఉంచుకున్నా పిల్లకు నష్టం లేదనుకున్నాడు.

ఏం చెప్పను? మెసేజ్ తప్పుగా వచ్చింది, కంప్యూటర్ సమస్య అని చెప్పొచ్చు. ఆఫీసులో అందరం అట్లాగే చెప్తాం. నాకు సిగ్గేసింది.

"ఆ మెసేజ్ అబద్ధం. నీ బిడ్డ నెలన్నర నుంచి ఏమీ నేర్చుకోలేదు. నేర్చుకుంటున్నదని నీకు చెప్పింది మేమే. తప్పు మాది."

ఆయన ఫోన్ తిరిగి తీసుకొని కాసేపు దాన్నే చూశాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అప్పటిదాకా తమ్ముణ్ని ఊపుతూ నిలబడ్డ పిల్ల సారు దగ్గరికి వచ్చింది.

"నా లెక్క ఎవలు ఆడుతున్రు సార్?"

మా వైపు నా లెక్క అంటే నా లాగా అని. లెక్కల గురించి అడగలేదు ఆ పిల్ల. తన లాగా ఆడుతున్నదెవరని అడిగింది. సారు అబద్ధం చెప్తారేమోనని నేను భయపడ్డాను. చెప్పలేదు.

"నేనే బిడ్డా."

పిల్ల తమ్ముణ్ని ఇంకో చంకకు మార్చుకుంది.

"మరి నన్ను పిలువకపోతిరి?"

సారు పక్కకు తిరిగి ముఖం తుడుచుకున్నారు. మిరప ఘాటు అనుకుందామన్నా నాకు వీలు కాలేదు, ఎందుకంటే నా పరిస్థితీ అదే.

అక్కడి నుంచే హాస్టల్‌కు ఫోన్ చేశాను. చేర్చుకునే గడువు పోయిన నెలే అయిపోయిందన్నారు, జాబితాలో పేరు లేని పిల్లను ఇప్పుడు తీసుకోలేమన్నారు. జాబితా ఎవరిదని నేను అడగలేదు. తండాలో వదులుదామంటే ఇంటి దగ్గర ముసలి నాయనమ్మ ఒక్కతే ఉంది, ఆమెకే ఎవరైనా వండిపెట్టాలి. ఇంకో మూడు వారాల్లో పని ఖతమైతది, అప్పుడు తోలుకొస్తా అన్నాడు వాళ్ల నాన్న. పిల్లను అక్కడే వదిలి మేము శిక్షణకు వెళ్లిపోయాం.

కోదాడ హాలు నిండిపోయింది. పెద్ద తెర, మైకు, నా స్లైడ్లు సిద్ధంగా ఉన్నాయి. మా పెద్దసారు కోదాడ మనిషే, మాట మెత్తన. "అమ్మాయి ఏదండీ, తీసుకురాలేదా?" అని మైకులోనే అడిగారు. మిరపచేలో ఉంది సార్, ఇప్పుడే చూసి వస్తున్నాం అన్నాను. ఆ తర్వాత జరిగినదంతా చెప్పాను. ఎర్రచుక్కల జాబితా నాదని, హెచ్చరిక నాదని, కాగితాలు బంద్ పెట్టించింది నేనేనని చెప్పాను. తండా సారు పేరు నేను ఎత్తలేదు. ఆయనే వెనక వరుసలోంచి లేచి, ఆడింది నేనేనని చెప్పి కూర్చున్నారు. హాల్లో నాలుగు వందల కళ్లు కాళ్ల దగ్గరున్న సంచుల మీదికి పోయాయి. అన్ని సంచుల్లోనూ ట్యాబులే.

పెద్దసారు టీ విరామం ప్రకటించి నన్ను పక్కకు పిలిచారు.

"చూడండి మేడం, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇది పైకి తెలిస్తే మొత్తం కార్యక్రమమే ఆగిపోతుందండి. ఆ అమ్మాయి స్లైడ్లు తీసేసి మిగతావి కానిచ్చేయండి."

తీసేశాను. మిగతావి కానిచ్చాను. మీరు నన్ను వీరవనిత అనుకుంటారేమోనని ఈ ముక్క చెప్తున్నాను. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటల సేపు అదే ఆటను ఎట్లా ఆడించాలో మైకులో చెప్పాను.

ఆ తర్వాత వచ్చిన కొత్త నియమం ఏమిటో ఊహించండి. పిల్ల ఆడుతున్నట్టు ప్రతిసారీ ఫోటో తీసి పెట్టాలి. పది రోజులు తిరక్కుండానే ఒక బడిలో ఒకే పూట పిల్లల చేత మూడు చొక్కాలు మార్పించి వారానికి సరిపడా ఫోటోలు తీసిపెట్టుకున్నారని తెలిసింది. ఆ తెలివిని మెచ్చుకోవాలో తల బాదుకోవాలో తెలియలేదు. తండా సారుకూ నాకూ చెరొక మెమో వచ్చింది. ముప్పై అయిదేళ్లలో నాకు అదే మొదటిది. సారు తన జవాబులో ఉన్నదున్నట్టు రాశారు. నేను నా జవాబుతో పాటు, కాగితం జాబితా మళ్లీ పెట్టాలని ఒక దరఖాస్తు జోడించాను. దాని కోసం మూడు నెలలు మూడు గదుల చుట్టూ తిరిగాను. ట్యాబుతో పాటు కావాలంటే కాగితమూ ఇవ్వవచ్చు అని చివరికి ఒక వాక్యం రాసిచ్చారు. కావాలంటే అన్న మాట కొట్టేయించడం నావల్ల కాలేదు.

ఆ పిల్ల ఏప్రిల్ మొదట్లో వచ్చింది. సారు బోర్డు మీద యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయమంటే ముప్పై అయిదు అని రాసింది. ట్యాబ్ ప్రకారం ఆ తప్పు నయమై చాలా రోజులైంది. ట్యాబ్ ముట్టుకోబోతే అందులో ఆమె ఆట అయిపోయి ఉంది, కోతి అవతలి ఒడ్డున దండ వేసుకొని కూర్చుంది. ఆటను వెనక్కి తిప్పమని నేను అడగని మనిషి లేడు. ఆకుపచ్చను ఎరుపు చేయమని అడిగింది మీరే మొదటివారు, ఆ బటన్ అసలు లేదు అన్నారు. సారు రోజూ ఒక బస్సు ముందే బయల్దేరి వచ్చి, ఎండ ముదిరేలోపు ఆ పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పారు. వచ్చింది మేడం, ఇప్పుడు అప్పు తెస్తున్నది అని ఒకనాడు ఫోన్ చేశారు. ఆ పిల్ల ఆరో తరగతికి హైస్కూలుకు పోయింది, సారుకు త్రిపురారం వైపు ఏదో బడి వచ్చింది, నేను రిటైరయ్యాను.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ మళ్లీ మిరప రోజులొచ్చాయి. ఇంట్లో కూర్చున్నా నాకు మనసు ఊరుకోలేదు. హైస్కూల్లో ఆ పిల్ల క్లాసు టీచరు కొత్తగా చేరిన అమ్మాయి, నా దగ్గర శిక్షణ తీసుకున్నదే. ఒకరోజు ఫోన్ చేసి, ఆ పిల్ల బడికి వస్తున్నదా అని అడిగాను.

ఒక్క నిమిషం మేడం, చూసి చెప్తా అంది. ఫోన్‌లోనే ఏదో టకటకలాడించింది. యాక్టివ్‌గనే ఉంది మేడం, నిన్న గూడ ఆడింది, గ్రీన్ అంది.

నాకు ఎంత కోపం వచ్చిందంటే, మా ఇంట్లో మనవరాలు పక్కగదిలోంచి వచ్చి చూసింది. ఆ అమ్మాయికి ఏం చెప్పానో ఇప్పటికీ ఒక్క ముక్క పోకుండా గుర్తుంది.

"ఆ ఫోన్ బల్ల మీద పెట్టు. కట్ చేయకు. లేచి క్లాసులోకి పోయి, ఆ పిల్ల కూర్చునే చోట పిల్ల ఉన్నదో లేదో చూసి రా."

కుర్చీ జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు, తర్వాత పిల్లల గోల. చాలాసేపటికి తిరిగొచ్చింది. లేదు మేడం, నాలుగు దినాల సంది వస్తలేదట, బడి ఎరుపైతే నేను తిడ్తనని ఈ పిల్ల ఆట గూడ పక్క పిల్లనే ఆడుతున్నదట అంది.

నాలుగు రోజులు. నెలా పదిహేను రోజులు కాదు. హాస్టల్ గడువు ఇంకా శనివారం దాకా ఉంది. కాగితం రాసి నువ్వే పట్టుకొని పో, గుమ్మంలోంచి పంపించేస్తే అక్కడే కూర్చో, ముందు తండాకు పోయి, వాళ్లు ఏ చేలో ఉన్నారో కనుక్కొని వాళ్ల నాన్నతో మాట్లాడు అన్నాను. ఆ పూట స్కూలు వదిలాక వెళ్లిందట. తర్వాత రెండు రోజులు ఫోన్ రాలేదు. నేను అన్నం ముందు కూర్చుని కూడా ఫోన్ వైపే చూశాను, ఇంట్లోవాళ్ల మీద అకారణంగా విసుక్కున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది. హాస్టల్‌లో చేర్చుకున్నారు మేడం, ఇయ్యాల క్లాసులనే ఉంది అంది. నేను నోరు తెరవబోయాను. నన్ను మాట్లాడనివ్వలేదు.

"ట్యాబ్‌ల చూసి కాదు మేడం. ఇప్పుడే పోయి కండ్లతో చూసొచ్చిన. రెండో వరుసల కూసొని పక్క పిల్లతోని ఒక్కటే ముచ్చట పెడుతున్నది."

ఆ ముచ్చట్లు ఆపి లెక్క చేయమని చెప్పమ్మా అని ఫోన్ పెట్టేశాను.